మమ్మును ఏ కొలతతో కొలవాలి?

(బడులలో, ఆసుపత్రులలో పనిచేసేవారి పక్షమున చేసిన ప్రసంగము)



మన డయాసిస్ నూరేండ్ల సాక్ష్యములో బడి, ఆసుపత్రి సంఘమునకు రెండు చేతులవలె పనిచేశాయి. ఆ రెండింటిలో సేవచేసే మేము ఈ సంతోష సమయములో ఒక మనవి చేయగోరుతున్నాము. మమ్మును పొగడక ముందు పరీక్షించండి. అయితే సరియైన కొలతతో పరీక్షించండి.

నర్సుకైనా, ఉపాధ్యాయునికైనా మూడు కావాలి: జ్ఞానము, నైపుణ్యము, వైఖరి. ఈ మూడింటిని ఒకే తక్కెడలో తూచలేము.

జ్ఞానమును ప్రశ్నపత్రముతో కొలవవచ్చును. మన దేశములో మిల్లీలీటరుకు 40 యూనిట్ల ఇన్సులిన్ ఉంది, 100 యూనిట్లది కూడ ఉంది. దేని సిరంజి దానికే వాడాలి. ఈ జవాబు వ్రాయడము సులభమే. కాని రాత్రి డ్యూటీ తొందరలో 100 యూనిట్ల మందును 40 యూనిట్ల సిరంజిలో 20వ గీత వరకు తీస్తే, రోగి ఒంటిలోకి పోయేది 20 యూనిట్లు కాదు, 50. అది ప్రాణాపాయము. కనుక సీసా చదివి, సిరంజి సరిచూచే చేతిని కళ్లారా చూచియే మార్కులు వేయాలి.

ఇందుకే 1975లో స్కాట్లాండులోని డండీలో డాక్టర్ రోనాల్డ్ హార్డెన్, ఆయన సహచరులు ఒక క్రొత్త పరీక్షా పద్ధతిని ప్రకటించారు. విద్యార్థి ఒక బల్లనుండి మరొక బల్లకు వెళ్తూ, ప్రతిచోట కొద్ది నిమిషాలలో ఒక పని చేసి చూపాలి. 1990లో అమెరికా విద్యావేత్త జార్జి మిల్లర్ నాలుగు మెట్లు చెప్పారు: తెలియుట, ఎలా చేయాలో తెలియుట, చేసి చూపుట, నిత్యము చేయుట. అన్నిటికంటె పైమెట్టు చివరిదే.

బడిలోను అంతే. పర్యవేక్షకుడు వెనుక బెంచీలో కూర్చున్న రోజు పాఠ్యపథకము, చార్టులు అన్నీ చక్కగా ఉంటాయి. ఆయన వెళ్లిన మరునాడు, వత్తులు పలకలేక తడబడే బిడ్డతో మేమెలా మాట్లాడుతామో అదే అసలు పరీక్ష.

వైఖరిని కొలుచుట మరీ కష్టము. 2019లో మన దేశపు వైద్యవిద్యలో వైఖరి, నీతి, సంభాషణలకు ప్రత్యేక పాఠ్యభాగము చేర్చారు, మంచిదే. కాని దయ అంటే ఏమిటని అడిగితే ఎవరైనా మంచి జవాబే వ్రాస్తారు. ప్రార్థన బాగా చేస్తారనియు, ఫలానావారి బిడ్డ అనియు చెప్పే సిఫారసు అంతకంటె బలహీనమైన కొలత. యెరికో దారిలో యాజకునికి, లేవీయునికి ధర్మశాస్త్రము తెలుసు. సమరయుడు దగ్గరకు వెళ్లాడు, గాయములు కట్టాడు, పూటకూళ్లవానికి సొమ్మిచ్చాడు. అతని సేవకు సాక్షి ఎవరు? దెబ్బలు తిన్నవాడే!

కనుక కమిటీ పెద్దలకు మా మనవి. ఉద్యోగమిచ్చే ముందు పని చేయించి చూడండి. తరువాత ఒక్క తనిఖీతో సరిపెట్టక, వేర్వేరు వేళలలో, ఒకరికంటె ఎక్కువమంది వచ్చి చూడండి. సందేహమడిగితే విసుక్కొన్నారా అని రోగులను అడగండి. తప్పు చదివితే ఏమన్నారని పిల్లలను అడగండి. లోపము కనబడితే శిక్షణ ఇప్పించండి. శిక్షకు మాత్రమే భయపడేవారు పొరపాటును దాచుకొంటారు. దాచిన పొరపాటు మరొక రోగిమీద పడుతుంది.

బోధకులకు మరింత కఠినమైన తీర్పు ఉన్నదని యాకోబు పత్రిక హెచ్చరిస్తున్నది. ఆ తీర్పుకు ముందు మీ చేత సరిదిద్దబడుట మాకు మేలు. అట్టి కృప ప్రభువు మనకందరికి దయచేయునుగాక.