బ్యాటరీ వీక్ అయితే ఇంజన్ లైట్ ఎందుకు వెలుగుతుంది?

ఈరోజు టాపిక్ మీ జేబుకి సంబంధించినది.

సంక్రాంతికి ఊరెళ్లి వచ్చారు అనుకోండి. పది రోజులు కారు సెల్లార్‌లోనే ఉంది. సెల్ఫ్ కొడితే బరువుగా తిరిగి, ఎలాగో స్టార్ట్ అయింది. కానీ డ్యాష్‌బోర్డ్ మీద చెక్ ఇంజన్, ఏబీఎస్, స్టీరింగ్ లైట్లు మూడూ ఒకేసారి వెలిగాయి. స్కానర్ పెడితే ఐదారు కోడ్లు. "సెన్సర్లు పోయాయి సార్, మార్చాలి" అంటారు. మీరు ఫోన్‌పే ఓపెన్ చేస్తారు. ఒక్క నిమిషం ఆగండి!

నేను సాఫ్ట్‌వేర్‌లో ఉన్నప్పుడు ఒకటి నేర్చుకున్నా. పది సర్వర్లు ఒకే నిమిషంలో పడిపోతే పదింట్లోనూ బగ్ వెతకం. ముందు కరెంట్ ఉందా, నెట్‌వర్క్ ఉందా అని చూస్తాం. కారు కూడా అంతే.

అసలు లోపల ఏం జరుగుతుందంటే, సెల్ఫ్ మోటార్ తిరిగేటప్పుడు వంద ఆంప్స్ పైనే లాగుతుంది. బ్యాటరీ వీక్‌గా ఉంటే వోల్టేజ్ ఢమాల్‌మని పడిపోతుంది. ఇంజన్‌ని నడిపే కంప్యూటర్, అదే ఈసీయూ, చాలా సెన్సర్లకి 5 వోల్టుల సప్లై ఇస్తుంది. దానికే సరిపడా కరెంట్ రాకపోతే సెన్సర్ రీడింగ్స్ తేడాగా వస్తాయి. ఏదో ఒక మాడ్యూల్ రీసెట్ అవుతుంది. మిగతావి దానితో మాట్లాడలేక "కమ్యూనికేషన్ పోయింది" అని కోడ్ రాసుకుంటాయి. అంటే సెన్సర్ బాగానే ఉన్నా, దాని మీద కంప్లైంట్ పడుతుంది. లిస్ట్‌లో పీ 0562 కనిపించిందా? దానర్థం సిస్టమ్ వోల్టేజ్ తక్కువ అని. యూ అక్షరంతో మొదలయ్యే కోడ్లు చాలా ఉన్నా, ముందు బ్యాటరీనే అనుమానించండి.

చెక్ చేయడం ఎలా? ఒక మామూలు మల్టీమీటర్ చాలు. డీసీ 20 వోల్టుల దగ్గర పెట్టండి.

ఒకటి: రాత్రంతా ఆపి ఉంచిన కారుకి, పొద్దున్నే స్టార్ట్ చేయకముందు చూడండి. 12.6 ఉంటే ఫుల్. 12.2 అంటే దాదాపు సగం. 12 కంటే తక్కువుంటే ముందు ఛార్జ్ పెట్టించండి.

రెండు: ఇంకొకరిని సెల్ఫ్ కొట్టమనండి. ఆ టైంలో 9.6 కంటే కిందకి పడకూడదు. ఇది ముఖ్యం, ఎందుకంటే ముసలి బ్యాటరీ కూడా ఖాళీగా ఉన్నప్పుడు 12.6 చూపిస్తుంది. బరువు పడినప్పుడే అసలు రంగు బయటపడుతుంది.

మూడు: ఇంజన్ నడుస్తుండగా 13.5 నుంచి 14.7 మధ్య ఉండాలి. కొన్ని కొత్త కార్లలో ఇది కాస్త అటూ ఇటూ మారుతుంది. కానీ 12 దగ్గరే ఉండి ఇంకా దిగుతుంటే తప్పు బ్యాటరీది కాకపోవచ్చు, ఆల్టర్నేటర్‌దో బెల్ట్‌దో కావచ్చు.

టెర్మినల్స్ కూడా చూడండి. తెల్లగానో పచ్చగానో పొడి పట్టినా, క్లాంప్ లూజ్‌గా ఉన్నా ఇవే లైట్లు వస్తాయి. అక్కడ క్లీనింగ్‌తోనే పని అయిపోతుంది.

బ్యాటరీ సరిచేశాక కోడ్లు ఫోటో తీసుకుని, ఆ తర్వాత క్లియర్ చేయించండి. కొన్ని రోజులు నడపండి. అన్నీ పోయి ఒక్క కోడ్ మాత్రం తిరిగొస్తే, అప్పుడు ఆ సెన్సర్‌నీ దాని వైరింగ్‌నీ చూపించాలి. డబ్బులు అక్కడ పెట్టండి.

రెండు జాగ్రత్తలు. ఇంజన్ నడుస్తుండగా బ్యాటరీ వైర్ పీకి టెస్ట్ చేయనివ్వకండి. వోల్టేజ్ ఒక్కసారిగా ఎగిరి ఈసీయూనే కాలిపోవచ్చు. రెండోది, ప్రతి లైటూ బ్యాటరీ వల్లే అనుకోవద్దు. చెక్ ఇంజన్ లైట్ టపటపా కొట్టుకుంటుంటే అది మిస్‌ఫైర్. ఎర్ర ఆయిల్ లైట్ గానీ, టెంపరేచర్ లైట్ గానీ వస్తే వెంటనే పక్కకి ఆపి ఇంజన్ ఆఫ్ చేయండి.

మీ బ్యాటరీకి ఎన్నేళ్లయింది? కామెంట్‌లో రాయండి. కారున్న ఫ్రెండ్‌కి ఈ వీడియో పంపండి, సెన్సర్ ఖర్చు మిగలొచ్చు. ఉంటా మరి, బై!