దూరపు పరుగు - కడుపులోని సూక్ష్మజీవులు



నా దౌహిత్రుడు దూరపు పరుగు పందెములకు సాధన చేయుచున్నాడు. నిరుడు 42 కిలోమీటర్ల పందెములో 30 కిలోమీటర్లు దాటిన పిమ్మట కడుపునొప్పి పుట్టి, పందెము విడిచెను. ఇటీవల నా కడకు వచ్చి, ప్రోబయోటిక్ గుళికలు కొనిపెట్టుమనియు, ఈ మారు తప్పక గెలిచెదననియు బలికెను. నేను పింఛనుపై బ్రతుకువాడను. విచారింపక సొమ్మిచ్చుటకును, విచారింపక కాదనుటకును మనసొప్పలేదు. వైద్యవిద్య నెరిగిన పూర్వశిష్యు నొకని చేత ఆ పరిశోధనలను చదివించి వింటిని. విన్నదానిని మీకు మనవి చేసెదను.

తగిన మోతాదున పుచ్చుకొన్నచో ఆరోగ్యమునకు మేలొనర్చు సజీవ సూక్ష్మజీవులకే ప్రోబయోటిక్కులని పేరు. మనుష్యుడు గంటలకొలది పరుగెత్తునపుడు నెత్తురు కండరములకును చర్మమునకును మరలి, ప్రేగులకు తగ్గును. అందుచేత కొందరికి వికారము, నొప్పి, విరేచనములు కలుగును.

గుళిక మ్రింగినవాడు సుఖముగా పరుగెత్తిన, అది గుళిక మహిమయే యనవచ్చునా? కాకి వ్రాలుటయు తాటిపండు రాలుటయు ఒక్క క్షణముననే జరిగిన, కాకియే రాల్చెననుట కాకతాళీయము. కావున శాస్త్రజ్ఞులు కొందరికి నిజమైన మందును, కొందరికి అదే రూపముగల వట్టి మందును ఇచ్చి, ఎవరి కేది యిచ్చినదియు వారికి తెలియనీయక పరీక్షింతురు.

ఫిన్లాండు దేశమున 141 మందిపై ఇట్లు 3 నెలలు జరిపిన పరీక్ష 2007లో వెలువడెను. జలుబు, దగ్గుల సంఖ్య తగ్గలేదు. పందెము తరువాతి రెండు వారములలో ఉదరబాధ మాత్రము, వట్టిది పుచ్చుకొన్నవారికి సగటున 2.3 దినములుండగా, మందు పుచ్చుకొన్నవారికి 1 దినమే యుండెను. ఇంగ్లండులో లివర్‌పూల్ పరిశోధకులు 24 మందికి 28 దినములిచ్చి 2019లో ఫలితము ప్రకటించిరి. పరుగు చివరి భాగమున ఉదరబాధ తగ్గెను; పరుగు ముగించిన కాలములో చెప్పదగిన భేదము కానరాలేదు.

అదే 2019లో అమెరికాలో బోస్టను పరుగువారి ప్రేగులనుండి తీసిన వేయిలొనెల్లా యను సూక్ష్మజీవిని ఎలుకల కెక్కింపగా, అవి 13 శాతము అధికకాలము పరుగెత్తెను. అయితే ఎలుకలలో కనబడినది మనుష్యులలోను కనబడవలెనని నియమము లేదు.

మన పెరుగులోనివియు ఇవియే గదా యని మీరనవచ్చును. నేనును అట్లే తలచితిని. కాని వరి యను పేరొకటే యైనను వంగడమునకు వంగడమునకు దిగుబడి వేరు, తెగులు నోర్చు శక్తి వేరు. సూక్ష్మజీవులును అట్టివే. పరీక్షింపబడిన వంగడమునకే ఆ ఫలితము చెల్లును. పెరుగు మంచి యాహారమే. దానికి ఈ ఫలితములను అంటగట్టరాదు. పేరులేని వంగడపు గుళికకును అంటగట్టరాదు. వ్యాధిచే బలము క్షీణించినవారు వైద్యు నడుగక వీనిని పుచ్చుకొనరాదు.

కడకు నా దౌహిత్రునికి ఒక్క నెలకు సరిపడ సొమ్మిచ్చితిని. పెట్టెపై వంగడము పేరు చూచి కొనుమనియు, పందెమునకు నాలుగు వారములు ముందే యారంభింపుమనియు, కడుపు కొంత కుదుటపడవచ్చునే కాని కాళ్లకు వేగము రాదనియు చెప్పితిని. వాడు కొంత చిన్నబోయెను. కాని మరునాడు తెల్లవారకమునుపే లేచి పరుగునకు పోయెను.

సెలవు.