తల్లి చదువునకు తోడు



పసిబిడ్డల తల్లి నర్సు చదువ నెంచినచో ఇంటివారు మొదట నడుగునది, “రుసుమెంత?” అని. లెక్కలో నది యొక పద్దు మాత్రమే. బి.యస్సీ. నర్సింగు నాలుగేండ్ల చదువు. అంతకాలము ఆమె సంపాదన నిలిచిపోవును. రాత్రి డ్యూటీ పడిననాడు బిడ్డల కన్నము పెట్టు చేయి వేరొకటి కావలెను. రుసుమునకు ప్రభుత్వసాయము దొరకినను, ఈ పద్దులు మిగిలియే యుండును.

రాజమహేంద్రవరమున 1909లో జన్మించిన శ్రీమతి దుర్గాబాయి దేశ్‌ముఖ్ చెరసాలనుండి వచ్చిన పిమ్మటనే మెట్రిక్ చదివి, 1942లో న్యాయశాస్త్ర పట్టము నొందిరి. ఆమె అధ్యక్షతన 1953లో ఏర్పడిన కేంద్ర సాంఘిక సంక్షేమ మండలి, 1958లో వయోజన స్త్రీలకు సంక్షిప్త విద్యాప్రణాళిక నారంభించెను. నడుమ చదువు మానిన స్త్రీలు ఉపాధ్యాయినులుగను, నర్సులుగను శిక్షణ పొందుటకు అర్హత గడించుట దాని యాశయము. వయసు మీరినదను మాట కది సమాధానము. తోడు లేదను మాటకు సమాధానము చెప్పవలసినవారము మనము.

చందాదారులారా! ఈ రజతోత్సవ స్మృతిగా ఒక చిన్న నిధి నేర్పరుపుదము. అట్టి తల్లికి బిడ్డల పోషణకు వడ్డీలేని ఋణము నిత్తము. ఉద్యోగము వచ్చిన పిమ్మట ఆమె వాయిదాలపై తీర్చు సొమ్ము మరియొక తల్లికి చేరును. గ్రంథాలయపు సొమ్మిందుకేల యని కొంద రడుగవచ్చును. పుస్తకము కొనుటయు, చదువరికి తోడ్పడుటయు ఒకే పద్దు క్రింద వ్రాయదగినవని నా మనవి.