సముద్రపు నాచు – నీటి మార్పు



2008వ సంవత్సరమున చైనాదేశమందలి చింగ్‌దావో పట్టణమున ఒలింపిక్ తెరచాప పడవల పందెములు జరుగవలసియుండెను. జూన్ మాసమున, పసుపు సముద్రమని పేరుగల ఆ కడలి ఆకుపచ్చని బయలుగా మారినది. సైనికులు, జాలరులు, పౌరులు వేలకొలదిగా దిగి పది లక్షల టన్నులకు మించిన నాచును ఎత్తివేసిరి. పాలకడలిలో పుట్టిన హాలాహలమును మ్రింగుటకు శివుడుండెను. ఇచ్చట జనుల చేతులే దిక్కయినవి.

ఆ నాచు పేరు అల్వా ప్రొలిఫెరా. దక్షిణమున జియాంగ్సు తీరమందు తినెడి నాచును పెంచు త్రాళ్లకు అది అంటుకొని పెరుగును. పంట ముగిసిన పిదప త్రాళ్లను గీకి దానిని నీట విడుచుచుండిరి. పొలముల ఎరువు, పట్టణముల మురుగు దానికి ఆహారము. గాలియు ప్రవాహమును దానిని ఉత్తరమునకు చేర్చును.

ఇక నీటి మార్పు. బొగ్గు, చమురు మండింపగా పుట్టిన బొగ్గుపులుసు వాయువులో సుమారు నాలుగవ వంతు సముద్రము త్రాగుచున్నది. యంత్రయుగమునకు పూర్వము 8.2 ఉండిన పి.హెచ్. అంకె 8.1కి దిగినది. మన చిట్టాలో ఇది లెక్కకు రాని తేడా. రసాయనశాస్త్రమున మాత్రము ఆమ్లత నూటికి 30 వంతులకు దగ్గరగా పెరిగినదని అర్థము. గుల్లజీవులు పెంకు కట్టుకొనుటకు ఇది కీడు. నాచునకో, ఆ వాయువు ఆహారమే! ప్రయోగపు తొట్లలో ఆ వాయువు హెచ్చించిన నీట అల్వా జాతులు పలుమారులు వేగముగా పెరిగినవి. అయినను ఎరువులేనిదే వాయువొక్కటే దానిని పెంచజాలదు.

వేడిమి సంగతి వేరు. ఈ నాచు 15 మొదలు 20 సెంటిగ్రేడు డిగ్రీల నీట బాగుగా పెరిగి, వేసవి ముదిరినంతనే కృశించును. వసంతము ముందుగా వెచ్చబడిన దానికి మేలు, వేసవి తీవ్రమైన చేటు. కావున వేడి పెరిగినకొలది నాచు పెరుగుననుట సరికాదు.

నాచు వాయువును త్రాగి సముద్రమును బాగుచేయునని కొందరందురు. అది జమ చూచి ఖర్చు చూడని లెక్క. కుళ్లునపుడు అది ప్రాణవాయువును హరించి, త్రాగిన వాయువును తిరిగి వదలును. కుళ్లిన గ్రుడ్ల వాసనగల విషవాయువును పుట్టించును. 2009లో ఫ్రాన్సుదేశపు బ్రిటనీ తీరమున అట్టి నాచులో దిగబడిన గుర్రము మరణించెను, రౌతు స్పృహ తప్పెను.

గాలిలోని వాయువును తగ్గించుట దేశములన్నియు కూడి చేయవలసిన పని. త్రాళ్ల నాచును ఒడ్డుకు తెచ్చుట, ఎరువును కొలతతో చల్లుట మాత్రము తీరవాసుల చేతిలోనిది. (కొలత మీరి చల్లువారు మన ఊరను లేకపోలేదు.) చింగ్‌దావోలో ఏటేట వలలు కట్టి, పడవలు పంపి నాచును అడ్డగించుచున్నారు. అయినను 2021లో అది 2008 నాటికంటెను విస్తారముగా వచ్చినది.