గుండె దడ వచ్చినప్పుడు ఇంట్లోవాళ్లు ఏం చేయాలి?

(రోగుల కుటుంబ సభ్యుల అవగాహన సమావేశంలో ఇచ్చిన ప్రసంగ పాఠం)



మీలో చాలామంది పొద్దున్నుంచి ఓపీ చీటీ పట్టుకుని కూర్చున్నారు. అలసిపోయి ఉంటారు కనుక ఎక్కువసేపు తీసుకోను. పానిక్ ఎటాక్, అంటే ఉన్నట్టుండి ముంచుకొచ్చే తీవ్రమైన గాభరా గురించి మాట్లాడమని నన్ను అడిగారు. జబ్బుపడ్డవారితో మేము ఓపీలో మాట్లాడుతూనే ఉంటాము. ఈ రోజు మాత్రం వారిని వెంటబెట్టుకుని వచ్చిన మీతో మాట్లాడాలని వచ్చాను. ఈ జబ్బు తగ్గడమూ, ముదరడమూ చాలావరకు ఇంట్లోవాళ్ల నడతను బట్టి కూడా ఉంటుంది.

ముందు ఒక టీచరమ్మగారి సంగతి చెబుతాను. వయసు ముప్పై దాటింది. ఒకరోజు సాయంత్రం కిక్కిరిసిన బస్సులో ఇంటికి వస్తుండగా గుండె దడదడ కొట్టుకోవడం మొదలైంది. ఊపిరి అందలేదు. చేతులు తిమ్మిర్లెక్కాయి. ఒళ్లంతా చెమటలు. "నా పని అయిపోయింది, పిల్లల్ని ఇక చూడను" అనుకున్నారు. బస్సు ఆపించి ఎవరో ఆసుపత్రికి చేర్చారు. ఇ.సి.జి. బాగానే ఉంది. "ఏమీ లేదమ్మా, గ్యాస్ అయి ఉంటుంది" అని పంపించారు.

వారం తిరక్కుండా మళ్లీ వచ్చింది. మూడుసార్లు ఆసుపత్రికి వెళ్లారు, మూడుసార్లూ "ఏమీ లేదు" అన్నారు. అత్తగారు "ఒట్టి భయం" అన్నారు. చుట్టాలు దిష్టి అని తాయెత్తు కట్టించారు. ఆమె బస్సు ఎక్కడం మానేశారు. భర్త మంచి మనిషి. రోజూ స్కూటరు మీద దింపి, తీసుకొచ్చేవారు. తర్వాత ఆమె బజారుకు వెళ్లడం మానేశారు, కూరగాయలు ఆయనే తెచ్చారు. తర్వాత పెళ్లిళ్లు, పేరంటాలు మానేశారు. ఏడాది తిరిగేసరికి ఉద్యోగం మానేస్తానన్నారు. అప్పుడు ఆయన మా దగ్గరకు వచ్చి, "చేయాల్సిందంతా చేశానండీ, ఎందుకు తగ్గలేదు?" అని అడిగారు. ఆ ప్రశ్నకు జవాబే ఈనాటి నా మాట.

అసలు ఏం జరుగుతుంది?

చీకట్లో కాలి దగ్గర పాము కనబడితే మనకు ఏమవుతుంది? ఒంట్లో అడ్రినలిన్ అనే హార్మోను విడుదలవుతుంది. గుండె వేగంగా కొట్టుకుంటుంది, ఊపిరి వేగం పెరుగుతుంది, చెమట పడుతుంది. పారిపోవడానికి శరీరం సిద్ధమవుతున్నదన్నమాట. పానిక్ ఎటాక్‌లో పాము లేకుండానే ఇదంతా జరుగుతుంది. గబగబా ఊపిరి తీయడం వల్ల రక్తంలో కార్బన్ డయాక్సైడ్ తగ్గుతుంది. అందువల్ల తల తిరగడం, వేళ్లు, పెదవులు తిమ్మిరెక్కడం మొదలవుతాయి. "గుండె ఆగిపోతోంది" అనో, "పిచ్చెక్కిపోతోంది" అనో రోగి అనుకుంటారు. ఆ భయానికి మరింత అడ్రినలిన్ వస్తుంది, దానితో దడ ఇంకా పెరుగుతుంది. సాధారణంగా పది నిమిషాలలోపు ఇది తారస్థాయికి చేరి, తర్వాత మెల్లగా తగ్గిపోతుంది.

ఇది ఈ కాలం జబ్బు కాదు. 1871లోనే అమెరికాలో డా కోస్టా అనే వైద్యుడు యుద్ధానికి వెళ్లిన సైనికుల్లో ఇలాంటి గుండె దడ, ఛాతీనొప్పి గురించి రాశారు. 1980లో అమెరికా మానసిక వైద్యుల వర్గీకరణలో దీనికి పానిక్ డిజార్డర్ అన్న పేరు స్థిరపడింది. ఎవరికైనా రావచ్చు, ఆడవారిలో ఎక్కువ.

మొదటిసారి వస్తే

మొదటిసారి వచ్చినప్పుడు "ఇది పానిక్కే" అని ఇంట్లో తేల్చేయకండి. ఇ.సి.జి., షుగరు, హిమోగ్లోబిన్, థైరాయిడ్ పరీక్షలు అవసరాన్ని బట్టి డాక్టరుగారు చేయిస్తారు. ఛాతీనొప్పి ఎడమ చేతికో దవడకో పాకినా, నొప్పి తగ్గకపోయినా, స్పృహ తప్పినా, ముఖ్యంగా బి.పి., షుగరు ఉన్నవారిలో, వెంటనే 108కి ఫోన్ చేయండి. పరీక్షలు బాగున్నాయని డాక్టరుగారు చెబితే దాని అర్థం "గుండెకు ఏమీ లేదు" అని మాత్రమే. "బాధ లేదు" అని కాదు. ఈ తేడా మీరు గుర్తుపెట్టుకుంటే రోగికి ఎంతో ఊరట.

దడ వచ్చిన ఆ పది నిమిషాలు

చుట్టూ మూగకండి. ఒక్కరే పక్కన కూర్చోండి. "ధైర్యంగా ఉండు", "నటించకు" అనవద్దు. నెమ్మదిగా, "ఇది పోయినసారి వచ్చినలాంటిదే. కాసేపట్లో తగ్గుతుంది. నేను ఇక్కడే ఉన్నాను" అని చెప్పండి. ముక్కుతో నాలుగు అంకెలు లెక్కపెట్టేంతసేపు గాలి పీల్చి, ఆరు అంకెలు లెక్కపెట్టేంతసేపు నెమ్మదిగా వదలమనండి. మీరూ వారితో కలిసి చేయండి. కాగితపు సంచిలో ఊపిరి తీయించే పాత పద్ధతి వద్దు. నిజంగా గుండె జబ్బో ఆస్తమానో ఉంటే అది ప్రమాదం. బజారులో వస్తే వెంటనే ఇంటికి పరుగెత్తకండి. ఒక పక్కన కూర్చోబెట్టి, తగ్గాక కొనాల్సింది కొనుక్కునే రండి. పారిపోయిన ప్రతిసారీ, "పారిపోబట్టే బతికాను" అని మనసు నేర్చుకుంటుంది.

మందులు లేకుండా

కాగ్నిటివ్ బిహేవియర్ థెరపీ అనే చికిత్స ఈ జబ్బుకు బాగా పనిచేస్తుంది. ఒంట్లో వచ్చే మామూలు మార్పులను ముంచుకొచ్చిన ప్రమాదంగా అపార్థం చేసుకోవడమే ఈ జబ్బుకు మూలమని 1986లో ఆక్స్‌ఫర్డ్‌కు చెందిన డేవిడ్ క్లార్క్ వివరించారు. ఆ అపార్థాన్ని సరిదిద్దడం, భయపడి మానేసిన పనులను మెట్టు మెట్టుగా మళ్లీ చేయించడం ఈ చికిత్సలో ముఖ్యం. కాఫీ, టీ తగ్గించడం, వేళకు నిద్ర, రోజూ నడక కూడా సాయపడతాయి. మద్యంతో గాభరా తగ్గినట్టే ఉంటుంది గాని, మత్తు దిగాక రెట్టింపవుతుంది.

మందులతో

సెర్ట్రలిన్, ఎస్సిటలోప్రామ్, పారోక్సెటిన్ వంటి మందులు వాడతారు. ఇవి మత్తుమందులు కావు. అయితే వేసిన రోజే పనిచేయవు. గుణం కనిపించడానికి రెండు నుంచి నాలుగు వారాలు, పూర్తి ఫలితానికి ఇంకా ఎక్కువ కాలం పడుతుంది. మొదటి రోజుల్లో వికారం, కాస్త ఎక్కువ గాభరా ఉండవచ్చు. అందుకే తక్కువ మోతాదుతో మొదలుపెడతారు. చాలామంది ఇక్కడే మానేస్తారు. మీరు పక్కనుండి ఓపిక చెప్పాల్సింది అప్పుడే. పాతికేళ్లలోపు వారిని మొదటి వారాల్లో కనిపెట్టి ఉండండి. తగ్గాక కూడా ఆరు నెలల నుంచి ఏడాది వరకు వాడాల్సి రావచ్చు. ఒక్కసారిగా ఆపకూడదు, డాక్టరుగారు చెప్పినట్టు కొంచెం కొంచెంగా తగ్గించాలి.

ఆల్ప్రజోలామ్, క్లోనజెపామ్ వేరే రకం. త్వరగా పనిచేస్తాయి, కాని అలవాటవుతాయి. కొద్ది కాలానికే, చెప్పినంతే వాడాలి. చాలాకాలం వాడి హఠాత్తుగా ఆపితే ఫిట్స్ కూడా రావచ్చు. ఆల్ప్రజోలామ్‌ను డాక్టరు చీటీ లేకుండా అమ్మకూడదని, అమ్మిన వివరాలు రిజిస్టరులో రాయాలని 2014 మార్చి నుంచి నిబంధన ఉంది. పక్కింటివారి మాత్ర తెచ్చి ఇవ్వకండి.

మందులా, థెరపీనా అని చాలామంది అడుగుతారు. రెండూ మంచివే. జబ్బు తీవ్రత, దిగులు ఉందా లేదా, గర్భం, రోగి ఇష్టం చూసి నిర్ణయిస్తారు. కొందరికి రెండూ కలిపి ఇస్తారు. మాత్ర వేసుకోవడం ఓటమి కాదు, వేసుకోకపోవడం గొప్పా కాదు. ప్రార్థన చేసుకునేవారు చేసుకోండి, కాని "విశ్వాసం చాలక వచ్చింది" అని మాత్రం ఎవరినీ అనకండి. బ్రతకాలని లేదని ఎవరైనా అంటే ఆ రోజే డాక్టరుకు చూపించండి. 2022లో ప్రారంభమైన టెలీ మానస్‌కు 14416 నంబరులో ఏ వేళైనా ఉచితంగా ఫోన్ చేయవచ్చు.

ఆ భర్త ప్రశ్నకు జవాబు

ఆయన తప్పేమీ చేయలేదు. ప్రేమతోనే ఆమె భయపడిన ప్రతి పనీ తన మీద వేసుకున్నారు. దానితో "ఆయన లేకపోతే నేను బతకను" అన్న భయం స్థిరపడిపోయింది. టీచరమ్మగారికి తక్కువ మోతాదులో సెర్ట్రలిన్ ఇచ్చాము, కౌన్సెలింగ్ మొదలుపెట్టాము. ఆయనకూ ఒక పని అప్పజెప్పాము. మొదట ఇద్దరూ పక్కపక్కన కూర్చుని ఒక స్టాపు దూరం బస్సులో వెళ్లాలి. తర్వాత ఆయన వెనక సీట్లో కూర్చోవాలి. ఆ తర్వాత స్కూటరు మీద వెళ్లి దిగే స్టాపులో నిలబడాలి. చివరికి ఇంట్లోనే ఉండాలి.

నాలుగు నెలలు పట్టింది. ఒంటరిగా వెళ్లిన మొదటి వారంలోనే బస్సులో ఆమెకు మళ్లీ దడ వచ్చింది. కిటికీ కమ్మీ పట్టుకుని, నెమ్మదిగా ఊపిరి వదులుతూ తన స్టాపు వచ్చేదాకా కూర్చుని, దిగి బడికి వెళ్లి పాఠం చెప్పారు. ఆ రోజే ఆమెకు జబ్బు మీద పట్టు దొరికింది.

తర్వాత ఆయన నాతో, "బస్సెక్కడం ఆమెకు ఎంత కష్టమో నాకు తెలియదుగాని, ఆమెను ఎక్కించి వెనక్కి రావడం నాకు చాలా కష్టమైందండీ" అన్నారు. మీరు చేయాల్సిన కష్టం కూడా అదే. దడ వచ్చినప్పుడు పక్కన ఉండండి. తగ్గాక, డాక్టరుగారు చెప్పిన మేరకు, ఒక్కొక్క అడుగు వెనక్కి వేయండి.

సందేహాలు ఉంటే అడగండి, చెబుతాను.