అక్షరానికి పైనా కిందా చోటు



అచ్చుకూర్పు సాఫ్ట్‌వేరు మీద చర్చ కోనసీమలో జరగడం ఎంతో సముచితం. వ్యాఘ్రేశ్వరం, నేదునూరు వంటి అగ్రహారాలు తైత్తిరీయ వేదశాఖను కంఠస్థంగా నిలబెట్టుకున్న సీమ ఇది. తెలుగు లిపిలో స్వరాలతో వేదాన్ని కూర్చడం కంటే గట్టి పరీక్ష ఏ సాఫ్ట్‌వేరుకూ ఉండదు.

తన గ్రంథం రెండో సంపుటం కొత్త కూర్పు ప్రూఫులు నచ్చక, డొనాల్డ్ కనూత్ 1977లో టెక్ అనే అచ్చుకూర్పు సాఫ్ట్‌వేరు రచనకు పూనుకున్నారు. దానిపై లెస్లీ లాంపోర్ట్ 1980లలో లేటెక్‌ను నిర్మించారు. ఆ పైన ఎవరి అవసరానికి వారు అదనపు ఆదేశాల ప్యాకేజీలు రాసి చేర్చారు. తగాదాలు అక్కడే పుడతాయి. హైపర్‌రెఫ్ అనే ప్యాకేజీ ఇతర ప్యాకేజీల ఆదేశాలు ఎన్నింటినో తిరగరాస్తుంది కనుక దాన్ని దాదాపు చివర్లో పిలవాలి; క్లెవర్‌రెఫ్‌ను ఆ తర్వాతే పిలవాలి. బేబెల్, పాలీగ్లాసియా రెండూ చూసేది భాషల ఏర్పాటే. రెంటినీ ఒకే ఫైలులో పెట్టడమంటే ఒకే చేనుకు ఇద్దరు చెరో గట్టూ తెంచి నీరు పెట్టడమే. ఈ తగాదాలు క్రమశిక్షణతో తీరతాయి. ఒక పనికి ఒకే ప్యాకేజీ వాడాలి, వాడిన వెర్షన్లను పుస్తకం ఫైలుతోపాటే భద్రపరచాలి.

క్రమశిక్షణతో తీరనివి నిర్మాణంలో ఉన్న పరిమితులు. పాత టెక్ ఫాంటులో 256 గళ్లే ఉండేవి. మన గుణింతాలూ వత్తులూ అందులో ఎలా ఇముడుతాయి? 2004లో వచ్చిన జీటెక్ యూనికోడ్‌ను, ఓపెన్‌టైప్ ఫాంట్లను నేరుగా తీసుకోవడంతో ఆ ఇరుకు వదిలింది. అయినా ‘రాష్ట్రం’ అని రాసి చూడండి. ‘ష’ కింద ‘ట’ వత్తు, ‘ర’ వత్తు రెండూ చేరతాయి. అటువంటి అక్షరానికి అనుదాత్త స్వరం గుర్తుగా కింద గీత పెట్టాలంటే ఆ గీత వత్తుల కిందికి దిగాలి. ఎక్కడ ఆగాలో ఫాంటు చెప్పకపోతే గీత వత్తును కోసేస్తుంది. స్వరం గుర్తును టైపు చేసే వరుస తప్పితే చుక్కల వలయం ప్రత్యక్షమవుతుంది. పై పంక్తి వత్తులు కింది పంక్తిలో అక్షరాల పైనుండే స్వరిత గుర్తులను తాకబోతే, టెక్ ఆ రెండు పంక్తులను మాత్రమే ఎడం చేస్తుంది. పేజీ అంతా ఎగుడుదిగుడవుతుంది. అందువల్ల పంక్తుల ఎడాన్ని మొదటే ఉదారంగా నిర్ణయించుకోవాలి.

పాఠంలో స్వరం చెరిగితే అది తప్పుపాఠమే. అందుకే నా విన్నపం ఇది. ఘనపాఠి, ఫాంటు రూపకర్త, కూర్పరి ముగ్గురూ ఒకచోట కూర్చోవాలి. కష్టమైన సంయుక్తాక్షరాలన్నీ స్వరాలతో సహా ఉన్న పరీక్షపాఠం ఒకటి తయారుచేసి అందరికీ ఉచితంగా ఇవ్వాలి. దానిలో నెగ్గని ఫాంటుతో వేదం అచ్చువేయబోమని మనం నిశ్చయించుకోవాలి. ఆ పనికి ఈ సభలోనే పూనుకుందాం.