పేరున్న వారందరికీ ప్రవేశం ఉండాలా?



ఓటు వేయడానికి వెళ్ళినప్పుడు మీరు గమనించే ఉంటారు. చేతిలోని గుర్తింపు కార్డు మీరెవరో చెబుతుంది. అంతవరకే. ఆ పోలింగు కేంద్రం జాబితాలో మీ పేరు లేకపోతే, కార్డు ఎంత సక్రమమైనదైనా అక్కడ ఓటు వేయనివ్వరు. మనిషిని గుర్తించడం ఒక పని, అనుమతించడం వేరొక పని. ఈనాటి మన ప్రసంగ విషయానికి ఇదే మూలం.

మన ధర్మపురి కళాశాలల్లో గాని, ఆసుపత్రుల్లో గాని, హోసూరు కర్మాగారాల్లో గాని పదిమందీ వాడుకునే సర్వర్లు ఉంటాయి. ఒక్కొక్క సర్వరులో అందరికీ విడివిడిగా ఖాతాలు తెరవడం శ్రమ. అందుకని పేర్లు, పాస్‌వర్డులు ఒకేచోట భద్రపరుస్తారు. దాన్నే డైరెక్టరీ అంటారు. సర్వరు ఆ డైరెక్టరీని సంప్రదించే పద్ధతి పేరు ఎల్‌డాప్. దీని తొలి ప్రమాణ పత్రం 1993లో వెలువడింది. మైక్రోసాఫ్ట్ వారి యాక్టివ్ డైరెక్టరీ 2000లో వచ్చింది.

చిక్కు ఇక్కడే ఉంది. సర్వరును డైరెక్టరీకి కలిపి ఊరుకుంటే, పాస్‌వర్డు సరిపోయిన ప్రతివారూ లోపలికి రావచ్చు. జీతాల లెక్కలున్న సర్వరులోకి నిన్న చేరిన శిక్షణార్థి కూడా!

దీనికి ఉపాయం గ్రూపు. జీతాల పని చూసేవారిని డైరెక్టరీలో ఒక గ్రూపుగా చేర్చి, ఈ గ్రూపు వారినే రానివ్వమని సర్వరుకు చెప్పాలి. లినక్స్ సర్వర్లలో ఎస్ఎస్ఎస్‌డీ అనే ప్రోగ్రాములో ఇందుకు ఏర్పాటు ఉంది. ఎస్ఎస్‌హెచ్‌లో అయితే 'అలవ్‌గ్రూప్స్' అనే ఒక్క వాక్యం చాలు. కానీ అది ఎస్ఎస్‌హెచ్ ద్వారానికే కాపలా. సర్వరు ముందు కూర్చుని లాగిన్ అయ్యేవారిని అది ఆపదు.

మరి కొన్ని జాగ్రత్తలు చెబుతాను. కొందరు పాస్‌వర్డుకు బదులు 'కీ' వాడతారు. అప్పుడు పాస్‌వర్డు పరీక్షే జరగదు. గ్రూపు పరీక్షను ఆ దశలో మాత్రమే పెడితే వీరు తప్పించుకుంటారు. కాబట్టి దాన్ని తరువాతి దశలో, ఖాతాను పరిశీలించే చోట పెట్టాలి. మార్పు చేసేటప్పుడు ఒక లాగిన్ తెరిచే ఉంచి, వేరొక లాగిన్‌తో పరీక్షించండి. లేకపోతే మీ తలుపు మీరే మూసుకున్నట్టవుతుంది. డైరెక్టరీ పనిచేయని రోజు కోసం సర్వరులోనే ఒక ఖాతా ఉంచి, నియమంలో దానికీ చోటివ్వండి.

చివరిగా ఒక మాట. ఉద్యోగి బదిలీ అయిన రోజే గ్రూపులోంచి పేరు తీసేయాలి. అప్పటికే లోపలున్న లాగిన్ దానంతటది ముగియదు, దాన్నీ ఆపాలి. ఈ పని ఎవరిదో మీ కార్యాలయంలో ముందే నిర్ణయించుకోండి. జాబితాలో ఎలా ఉంటే సర్వరు అలాగే చేస్తుంది. ఆ జాబితాను సరిగా ఉంచవలసింది మనమే.